ఐసు యంత్రమునకు లోపలి పరీక్ష

వేసవిలో ఆదోని, ఎమ్మిగనూరు మార్కెట్లకు సరకు తెచ్చిన రైతు ఎండకు బడలి గ్లాసెడు చెరకురసమో నిమ్మసోడాయో త్రాగును. అందు వేసిన ఐసు ఏ యంత్రమున పుట్టెనో, దాని లోపల ఎట్లున్నదో విచారించువారరుదు. గడ్డకట్టినంత మాత్రమున క్రిములన్నియు చావవు; పెక్కు చల్లదనమున అణగియుండి, ఐసు కరగినపిమ్మట మరల తలయెత్తును. కనుక ఇట్టి యంత్రము పెట్టిన, పెట్టదలచిన సభ్యులకు దాని లోపలి సంగతి కొంత తెలుపుచున్నాము.

ముక్కల ఐసు చేయు యంత్రములు పెక్కింటిలో, అడుగు తొట్టిలోని నీటిని చిన్న పంపు పైకెత్తి చల్లని లోహపు పలకపై జారవిడుచును. జారు నీటిలో శుద్ధభాగము ముందుగా గడ్డకట్టును. ఉప్పులును సున్నమును తొట్టిలోనికే మరలును. అందుచేతనే ముక్క అద్దమువలె తేటగా నుండును. మరి ముక్క విడిచిన సున్నమెక్కడికి పోవును? విడతవిడతకు తొట్టినీరు కొంత బయటికి పోయినను, మిగిలినది పలకకును, ధార కారు రంధ్రములకును, పంపునకును గట్టిగా పట్టును. తేట ఐసును చూచి యంత్రమంతయు శుభ్రమనుకొనరాదు.

మన పడమటి ప్రాంతమున పలుచోట్ల బోరు నీట పప్పుడకదు, సబ్బు నురగ రాదు. త్రాగునీటికి ఐ.ఎస్. 10500 (2012) ప్రమాణము లీటరునకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యమును మేలనియు, వేరు నీరు దొరకనిచో 600 వరకు సహింపవచ్చుననియు చెప్పుచున్నది. యంత్రము కొనుటకు ముందే నీటిని పరీక్ష చేయించుట మంచిది. మట్టిని పట్టు వడపోత కాఠిన్యమును తీయదు. ఈ భేదము అమ్మువారు తరచు చెప్పరు.

ముక్క తెల్లబారుట, పలుచనగుట, పలకనుండి ఊడక నిలుచుట, విడతకు పట్టు వేళ పెరుగుట, ఇవి సున్నము పట్టిన గుర్తులు. తొట్టి అంచులను వ్రేలితో తాకిన జిగురు తగిలెనేని అది పాచి.

ఆరు నెలలకొకసారియైనను, కఠినజలమున్నచోట అంతకంటె తరచుగాను, కడుగవలెను. కరెంటు తీసి, పెట్టెలోని ఐసంతయు పారవేసి, తయారీదారు చెప్పిన ఆమ్లద్రావకమును చెప్పిన పాళ్లలో త్రిప్పి సున్నమును కరగింపవలెను. నికెలు పూత గల పలకకు తగని ఆమ్లము వాడిన పూత లేచిపోవును. కత్తితో గీకుట, ఇనుప బ్రష్షుతో రుద్దుట బొత్తిగా కూడదు. పిమ్మట మంచినీట పలుమార్లు కడిగి, అటుపైననే క్రిమినాశకమును వాడవలెను. ఆమ్లమును బ్లీచింగు ద్రావకమును ఒక్కటిగా కలిపిరేని క్లోరిను వాయువు పుట్టి ఊపిరితిత్తులకు చేటు తెచ్చును; మూసిన గదిలో ప్రాణమునకే అపాయము. ఈ పనిని పిల్లలకు ఒప్పగింపరాదు. కడిగిన తరువాత వచ్చు తొలి విడత ఐసును అమ్మక పారబోయవలెను.

ఇక మన ఊళ్లకు ప్రత్యేకమైన బెడద పత్తి దూది. జిన్నింగు మిల్లుల దాపున గాలిలో తేలు నూగు కండెన్సరు రెక్కల నడుమ కంబళివలె పేరుకొనును. వేడి వెలికి పోజాలక కంప్రెసరు ఎడతెగక తిరుగును, కరెంటు బిల్లు పెరుగును, తుదకు కంప్రెసరే కాలవచ్చును. పత్తి కాలమున వారమునకొకమారు కరెంటు తీసి, మెత్తని కుంచెతో రెక్కల వాలుననే దులుపవలెను. అడ్డముగా రుద్దిన అవి వంగి గాలిని మరింత అడ్డగించును.