సముద్రశైవలానికి నామకరణం

అమరకోశంలో నాచుకు జలనీలి, శైవాలం, శైవలం అనే పర్యాయపదాలున్నాయి. తెలుగువారు నాచు అన్నా, పాచి అన్నా దానినే ఉద్దేశిస్తారు. ఒక వస్తువుకు ఇన్ని పేర్లుండడం కవికి సంపద. ఛందస్సులో ఒదిగే మాటను అతడు ఎన్నుకుంటాడు. శాస్త్రజ్ఞునికి మాత్రం ఇదే చిక్కు. అతనికి ఒక మొక్కకు ఒకే పేరు ఉండాలి. ఆ పేరు మరొక మొక్కకు చెల్లకూడదు.

సర్గాసమ్ అనే గోధుమ శైవలాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఇది సాధారణంగా రాతిని పట్టుకొని పెరుగుతుంది. నరసన్నపేటకు చేరువలోని కళింగపట్నం ఇసుకతీరం; కనుక దీనిని చూడగోరేవారు విశాఖపట్నం, భీమునిపట్నాల రాతితీరాలకు వెళ్లాలి. ఆకులవంటి భాగాల నడుమ చిన్న కాయలవలె కనిపించేవి గాలితిత్తులు. అవి మొక్కను నీటిలో పైకి నిలుపుతాయి. దీనిలోనూ పత్రహరితం ఉంది. అయితే ఫ్యూకోజాంథిన్ అనే వర్ణకం ఆ పచ్చదనాన్ని కప్పివేస్తుంది.

స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో అనేక సముద్రశైవలాలను ఫ్యూకస్ అనే ఒకే ప్రజాతిలో చేర్చాడు. ఇల్లు ఇరుకైనది, బంధువులు ఎక్కువ. 1820లో ఆ దేశానికే చెందిన కార్ల్ అడాల్ఫ్ అగార్ధ్ కొన్నింటిని వేరుచేసి సర్గాసమ్ ప్రజాతిని ఏర్పరచాడు. తేలియాడే నాచును పోర్చుగీసు నావికులు సర్గాసో అనేవారు. పండితుని లాటిన్ నామానికి మూలం ఆ నావికుల పలుకే.

ఇక్కడ వ్యాకరణం చదివే విద్యార్థులు గమనింపదగిన విశేషం ఒకటి ఉంది. అంతకుముందు టర్నర్ అనే ఆంగ్లేయుడు ఒక జాతికి ఫ్యూకస్ ఇలిసిఫోలియస్ అని పేరుపెట్టాడు. హాలీ చెట్టు ఆకులవంటి ఆకులు కలదని దాని అర్థం. అగార్ధ్ చేతిలో అది సర్గాసమ్ ఇలిసిఫోలియమ్ అయింది. సంస్కృతంలో వలెనే లాటిన్‌లోనూ విశేషణం విశేష్యపు లింగాన్ని అనుసరించాలి. ఫ్యూకస్ పుంలింగం, సర్గాసమ్ నపుంసకలింగం. ప్రజాతి మారినా పాత విశేషణం పోలేదు, తుది ప్రత్యయం మాత్రమే మారింది. టర్నర్ పేరును సైతం నేటికీ కుండలీకరణాలలో ఉంచుతారు. పూర్వులయెడ ఇంతటి మర్యాద మన నిఘంటుకారులలోనూ అరుదే.

ఆకారాన్ని మాత్రమే నమ్మి చేసిన వర్గీకరణ చాలాసార్లు తడబడింది. సర్గాసమ్ ఆకు వయస్సును బట్టి, ఋతువును బట్టి, అలల తాకిడిని బట్టి రూపం మార్చుకుంటుంది. అందువల్ల ఒకే జాతికి పలు పేర్లు పుట్టాయి. నేడు జన్యుపదార్థాన్ని కూడా పరీక్షించి వాటిని కలుపుతున్నారు. చలిసముద్రాలలో పెరిగే కెల్ప్ అనే పెద్ద గోధుమ శైవలాలకూ ఈ పరీక్ష తప్పలేదు. జపానువారు కొంబు అని తినే శైవలాన్ని 2006లో లామినేరియా ప్రజాతి నుండి శాకరైనా ప్రజాతికి మార్చారు. ఇది కొత్త పేరు కాదు. స్టాక్‌హౌస్ 1809లో పెట్టి, తరువాత మరుగునపడిన పేరు. దాని మూలం చక్కెరను తెలిపే లాటిన్ పదం; ఆ పదానికి మూలం మన శర్కరయే.

ఈ పేర్ల విచారణ పుస్తకాలకే పరిమితం కాదు. 1964లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు విశాఖతీరపు శైవలాలపై పరిశోధనను ప్రకటించారు. ఆనాటి మొక్కలలో నేడు ఏవి మిగిలాయో, ఏవి తొలగిపోయాయో తేల్చదలచినవారు ముందుగా ఆనాటి ప్రతి పేరూ నేటి ఏ పేరుకు సమానమో సరిచూసుకోవాలి. పేరు మారిన మొక్కను నశించినదిగా లెక్కించే ప్రమాదం ఉంది. నిజంగా నశించినది మరొక దాని పేరు చాటున ఎవరికీ తెలియకుండా పోయే ప్రమాదమూ ఉంది.