రూకతో ఓరుగల్లు

ఓరుగల్లును ఒక్క రోజులో, చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతో చూడటం ఎలాగో మనకు మొదట చెప్పినవారు టూరిజం శాఖవారు కారు. క్రీడాభిరామం వ్రాసిన కవి. ఆ కవి వినుకొండ వల్లభరాయుడా, శ్రీనాథుడా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. యాత్రికులకు ఆ తగాదాతో పనిలేదు. గోవింద మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు స్నేహితులు తెల్లవారింది మొదలు ఓరుగల్లు వీధులన్నీ కాలినడకన తిరుగుతారు. అంగళ్ళు చూస్తారు, కోడిపందెం చూస్తారు, ఏకవీరకూ కాకతమ్మకూ దండం పెడతారు. ఆకలివేస్తే లక్ష్మణవజ్ఝల గారి పూటకూటింటికి దారి తీస్తారు. ఒక్క రూకకు సన్నబియ్యపు అన్నం, గోధుమ పిండివంట, ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, కూరలు, గడ్డపెరుగు! క్లాసులో ఆ పద్యం చెప్పినప్పుడల్లా మధ్యాహ్నం పీరియడు పిల్లలు లొట్టలువేస్తారు.

ఆ పద్యాన్ని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను గాని, ఓరుగల్లు నేను చూసినదంతా సెమినార్లకు వెళ్ళి, సెమినార్ల నుంచి తిరిగి రావడంలోనే. ఇంట్లోవాళ్ళెవరూ చూడలేదు. మాది ఇందల్వాయి. రెండెకరాల పసుపు, నా జీతం, అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు. పసుపు రైతుల ఇళ్ళలో డిసెంబరు నెల ఎలా ఉంటుందో ఆర్మూరు వైపు వాళ్ళకు చెప్పనవసరం లేదు. పంట ఇంకా భూమిలోనే ఉంటుంది. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపట్టించి నిజామాబాదు మార్కెట్టుకు చేర్చేదాకా చేతికి పైసా రాదు. కూలీలకు ముందుగా దాచిపెట్టిన డబ్బు తప్ప ఇంట్లో వేరే డబ్బు ఉండదు. దానిని ముట్టుకోకూడదు.

అయినా క్రిందటి డిసెంబరులోనే వెళ్ళాలని పట్టుబట్టింది మా అమ్మాయి కాదు, అమ్మ. "పిల్ల వచ్చే యేడు పట్నం పోతది. నా మోకాళ్ళు వచ్చే యేటికి ఎట్లుంటయో దేవునికెరుక. ఐదుగురం కలిసి పోయేది గిప్పుడే కొడుకా" అంది. అమ్మ ఇంతవరకు వెళ్ళిన ఊళ్ళన్నీ పెళ్ళిళ్ళకు, చావులకు, మొక్కులకు వెళ్ళినవే. ఊరికే చూడటానికి ఒక ఊరు వెళ్ళడం ఆమెకు డెబ్బై ఏళ్ళలో అదే మొదలు. సరే, ఆరువేలు దాటకూడదని లెక్క కట్టాము.

మా అక్క కొడుకు ఆస్ట్రియాలో చదువుకుంటున్నాడు. సాల్జ్‌బర్గ్ అనే పాతనగరాన్ని చదువుకునే పిల్లవాడి జేబుతో ఎలా చూశాడో ఫోనులో చెప్పాడు. సాల్జ్‌బర్గ్ అంటే ఉప్పుకోట. ఉప్పు వ్యాపారంతో బాగుపడ్డ ఊరు. పసుపు ఊరివాళ్ళం మనం, ఉప్పు ఊరి సంగతి వినడానికి బాగానే ఉంటుంది. 1077లో మొదలుపెట్టిన కోట ఒకటి గుట్టమీద ఉంది. 1756లో మోజార్టు అనే సంగీత విద్వాంసుడు పుట్టిన ఇల్లు క్రింద వీధిలో ఉంది. మావాడు పాతనగరంలో బస చేయలేదు. గుట్టమీదికి బండి ఉన్నా నడిచే ఎక్కాడు. నీళ్ళసీసా ఇంటినుంచి తీసుకుపోయాడు. లోపలికి వెళ్ళవలసిన స్థలాలన్నీ ఒకే రోజున పెట్టుకుని, ఆ రోజుకు మాత్రం బస్సులకూ మ్యూజియములకూ కలిపి పనికివచ్చే కార్డు కొన్నాడు. "మామా, ఊరు చూడనీకి పైసలు పెద్దగ కావు. తెల్వక అటిటు తిరిగితెనే ఖర్చు" అన్నాడు. మంచన శర్మ కూడా కాదనడు.

ఇందల్వాయి నుంచి హనుమకొండకు 200 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. రైలులో సికింద్రాబాదు పోయి కాజీపేటకు బండి మారవచ్చు. అది చుట్టు. మేము ఆర్టీసీ బస్సునే నమ్ముకున్నాం. ఆర్మూరు, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా కరీంనగరం, అక్కడ మారి హుజూరాబాదు మీదుగా హనుమకొండ. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో చార్జీ లేదు. ముగ్గురు ఆడవాళ్ళకూ జీరో టిక్కెట్టు. నాకు టిక్కెట్టు, పదేళ్ళవాడికి అరటిక్కెట్టు. రానూపోనూ కలిపి వెయ్యి రూపాయల చిల్లరలో తేలింది. ఆధార్ కార్డు అసలుదే చేతిలో ఉండాలి. డీలక్స్, లగ్జరీ బండ్లలో ఈ సదుపాయం లేదు గనుక ఎక్కేముందు బోర్డు చదువుకోండి. పెద్దవాళ్ళు ఉంటే కరీంనగరంలో ఒక గంట ఆగి, కాళ్ళు చాపుకుని, ఆ తరువాత బయలుదేరండి. ఒక బస్సు పోతే మరొకటి వస్తుంది.

హనుమకొండ, కాజీపేట, వరంగల్లు మూడూ ఇప్పుడు ఒకదానికొకటి అంటుకుపోయిన ఊళ్ళు. కరీంనగరం వైపునుంచి వచ్చేవారు వరంగల్లు దాకా పోకుండా హనుమకొండ బస్టాండు దగ్గరే దిగి బస చూసుకోవడం మంచిది. వేయిస్తంభాల గుడి నడిచివెళ్ళేంత దగ్గర. ములుగు వైపు బస్సులూ అక్కడినుంచే. మేము ఒక సాదా లాడ్జిలో పెద్ద గది ఒకటి తీసుకుని, అదనంగా పరుపు వేయించుకున్నాము. గది చూడకుండా డబ్బు కట్టవద్దు. వేడినీళ్ళు ఏ వేళకు వస్తాయో ముందే అడగండి. డిసెంబరు చలిలో అమ్మకు కావలసింది అదొక్కటే.

వేళను గురించి ఒక మాట. అక్టోబరు చివరనుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ రాతినేల మీద చెప్పులు లేకుండా అడుగు వేయలేరు. రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమి ప్రాంతంలో మేడారం జాతర వస్తుంది. ఆ రోజుల్లో బస్సులన్నీ అటే. జాతరకు వెళ్ళేవారు జాతరకే వెళ్ళండి, ఊరు చూడటం మరోసారి పెట్టుకోండి. ఎంగిలిపూల బతుకమ్మ నాటి సాయంత్రం వేయిస్తంభాల గుడి ముందు ఆడవాళ్ళ పూలూ పాటలూ చూడవలసిందే గాని, ఆ రాత్రికి గది ముందే మాట్లాడుకోవాలి.

పొద్దున్నే ఆరింటికి వేయిస్తంభాల గుడికి పోయాము. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించినది. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్ళు. లోపల ఉన్న శాసనస్తంభం దగ్గర కాసేపు ఆగండి. అక్షరాలు చదవలేకపోయినా, ఎనిమిదిన్నర శతాబ్దాల కింద ఒకడు ఉలిపట్టి చెక్కిన వరుస తప్పని పంక్తులు పిల్లలకు చూపించండి. ఎదుటి కల్యాణమండపం 2006లో విప్పితే, మళ్ళీ పేర్చి 2024 మార్చిలో తెరిచారు. విప్పడానికీ తెరవడానికీ మధ్య పద్దెనిమిదేళ్ళు! మావాడు స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, రెండువందల దగ్గర విసిగి మానుకున్నాడు. నల్లరాతి నంది నునుపు చూసి అమ్మ, "మనం పసుపు మెరుగువట్టినట్టు పట్టిండ్రు" అంది. ఆ పోలిక నా పాఠాల్లో ఇంతవరకు లేదు. ఈ ఏటినుంచి ఉంటుంది.

అక్కడినుంచి భద్రకాళి చెరువు, గుడి. ఓపిక ఉన్నవారు పద్మాక్షి గుట్ట ఎక్కితే జైన విగ్రహాలు కనిపిస్తాయి. అమ్మతో పాటు నేను క్రిందనే కూర్చున్నాను.

కోటకు మాత్రం సగం రోజు ఇవ్వాలి. పురావస్తుశాఖవారి టిక్కెట్టు ఖర్చు స్వల్పమే, పదిహేనేళ్ళలోపు పిల్లలకు అదీ లేదు. షేర్ ఆటోలో వెళ్ళి, ఎక్కేముందే ఒక్కొక్కరికి ఎంతో తేల్చుకోండి. గణపతిదేవుడు అనుమకొండ నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడు. రాతికోట పని అతని కూతురు రుద్రమదేవి కాలంలో ముందుకు సాగింది. దాని చుట్టూ మట్టికోట. లోపలికి వెళ్ళే దారి సూటిగా ఉండదు, మెలితిరిగి ఉంటుంది. గుర్రపుదండు ఒక్కసారి విరుచుకుపడకుండా చేసిన ఏర్పాటు. ఆ మలుపు దగ్గర ఆటో దిగి నడిస్తేనే అది తెలుస్తుంది.

నడుమ స్వయంభూ దేవాలయం ఉండేది. 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో ఓరుగల్లు పడింది. ఆ గుడి మిగలలేదు. మిగిలినవి నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, నేలంతా చెదరిన రాళ్ళు. పూర్తిగా నిలబడి ఉన్న గుడిని చూస్తే దండం పెట్టి వస్తాము. ఇక్కడ అలా కాదు. ఒక్కొక్క ముక్క దగ్గరా వంగి, ఇది స్తంభం తలా, దూలమా, గుమ్మమా అని వెతుక్కోవలసి వస్తుంది. 2014లో తెలంగాణ రాష్ట్రం తన ముద్రలో ఈ తోరణాన్నే పెట్టుకుంది. ఇంతకాలం ఆఫీసు కాగితాల మీద చూసిన బొమ్మ కింద నిలబడి మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాన్నా, పట్నంల ఫారాలు నింపేటప్పుడు ఈ ముద్ర కనవడితె మనం గిక్కడ రొట్టె తిన్నది యాదికొస్తది" అంది. నా భార్య సంచి సర్దే నెపంతో అటు తిరిగింది.

అవును, రొట్టె. తిండి విషయంలో మేము లక్ష్మణవజ్ఝల వారిని నమ్ముకోలేదు. రూకకు అన్నం పెట్టే ఇళ్ళు ఆయనతోనే పోయాయి. ఇంటినుంచి జొన్నరొట్టెలు, వెల్లుల్లికారం, పల్లీపొడి, సకినాలు కట్టుకుపోయాము. మొదటి రోజంతా అవే. మధ్యాహ్నం ఒక్కపూట మెస్సులో భోజనం. మెస్సు ఎంచుకోవడానికి నా పద్ధతి ఒకటే: ఆటోవాళ్ళు ఎక్కడ తింటే అక్కడ. సాయంత్రం కోటలో ధ్వనికాంతుల ప్రదర్శన ఉంటుంది. పెద్దవాళ్ళు చలికి ఓర్చుకోగలిగితేనే ఆగండి, మేము ఆగలేదు.

రెండోరోజు రామప్ప. హనుమకొండ నుంచి ములుగు బస్సు, అక్కడినుంచి పాలంపేటకు మరొక బండి. మొత్తం డెబ్బై కిలోమీటర్ల లోపే. తొందరలో ఉన్నవారు ఓరుగల్లులో ఏదైనా వదులుకోండి గాని దీనిని వదులుకోవద్దు. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గోపురం ఇటుకలు నీటిపై తేలేంత తేలిక. పునాది ఇసుకపెట్టె మీద నిలిచింది. కట్టించినవాడి పేరుగాక శిల్పి పేరు గుడికి నిలిచిందని చెప్పుకుంటారు. జాయపసేనాని నృత్తరత్నావళి వ్రాసింది ఆ కాలంలోనే. ఈ శిల్పాలను, ఆ గ్రంథాన్ని ముందుపెట్టుకుని నటరాజ రామకృష్ణగారు పేరిణి నృత్యాన్ని మళ్ళీ నిలబెట్టారు. చూరు క్రింద నల్లరాతి మదనికలను చూడటానికి తల ఎత్తాలి గనుక మెడనొప్పి ఉన్నవారు అరుగు మీద కూర్చుని తీరికగా చూడండి. అమ్మ అలాగే చూసింది, రెండు గంటలు. మోకాళ్ళ మాట ఎత్తలేదు. పక్కనే చెరువు. దాని నీళ్ళు ఇప్పటికీ పొలాలకు పారుతున్నాయని ఎవరో చెబితే, గుడికంటె ఎక్కువగా ఆ మాటకే తల ఊపింది.

మూడోరోజు పొద్దున్నే, బస్సుకు ముందు, ఎనుమాముల మార్కెట్టు చూద్దామంది. ఇది ఏ యాత్రాపుస్తకంలోనూ ఉండదు. వ్యవసాయదారుల ఇళ్ళవాళ్ళు తప్పక చూడండి. ఖర్చేమీ లేదు. డిసెంబరు గనుక ఎటుచూసినా తెల్లటి పత్తి. పసుపు ధర ఎట్లుందని ఒక హమాలీని అడిగి తెలుసుకుని, మన దగ్గరి ధరతో పోల్చి, ఎవరు నష్టపోతున్నారో తేల్చలేక బస్సు ఎక్కింది.

లెక్క చెబుతాను. చార్జీలు, షేర్ ఆటోలతో కలిపి పదిహేడు వందలు. గది రెండువేల ఆరువందలు. మెస్సు భోజనాలు, టీలు తొమ్మిదివందల చిల్లర. టిక్కెట్లు, పిల్లవాడి బొమ్మ, గుడి దగ్గర అమ్మ కొన్న గాజులు రెండువందల యాభై. మొత్తం అయిదువేల అయిదువందలు దాటలేదు. మిగిలినదాన్ని అమ్మ కొంగున ముడివేసుకుంది. కూలీలకు దాచిన డబ్బు డబ్బాలో అలాగే ఉంది. జనవరిలో తవ్వకం మొదలైంది.