టచ్ చేసింది మీరా? కోడా? బ్రౌజర్ ఇలా కనిపెడుతుంది.. అంధులకు చిక్కు మాత్రం సైట్లతోనే!

మొబైల్‌లో ఓ సైట్ ఓపెన్ చేస్తారు. వీడియో దానంతట అదే ప్లే అవుతుంది.. కానీ సౌండ్ రాదు. స్క్రీన్‌పై ఒక్కసారి టచ్ చేస్తేనే మాట వినిపిస్తుంది. ఫోన్ పాడవలేదు. 2018లో గూగుల్ క్రోమ్ తెచ్చిన ఆటోప్లే రూల్ ఇది. యూజర్ తాకకుండా సౌండ్‌తో వీడియో మొదలుపెట్టడానికి క్రోమ్ సాధారణంగా ఒప్పుకోదు.

మరి ఆ టచ్ యూజర్‌దో, పేజీలోని కోడ్‌దో ఎలా తెలుస్తుంది? బ్రౌజర్‌లో ప్రతి క్లిక్కూ ఒక 'ఈవెంట్'. దానికి 'ఈజ్ ట్రస్టెడ్' అనే ముద్ర ఉంటుంది. యూజర్ నొక్కితే బ్రౌజర్ పుట్టించే ఈవెంట్‌కు 'ట్రూ', పేజీలోని జావాస్క్రిప్ట్ పుట్టించిన దానికి 'ఫాల్స్'. ఈ ముద్రను పేజీ చదవగలదు, మార్చలేదు. పాపప్ యాడ్స్ దొంగ క్లిక్‌లతో తెరుచుకోకుండా బ్రౌజర్ అడ్డుకోగలిగేది ఇలా తేడా తెలుసు కాబట్టే.

ఇప్పుడు చూపు లేని ఓ యూజర్‌ను తీసుకోండి. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, వేలితో స్వైప్ చేస్తూ బటన్ల పేర్లు వింటారు. కావాల్సింది వినిపించగానే స్క్రీన్‌పై ఎక్కడైనా రెండుసార్లు తడతారు. అసలు బటన్ మీద వేలు పడకపోవచ్చు. అయినా బ్రౌజర్ దాన్ని యూజర్ క్లిక్‌గానే లెక్కిస్తుంది. కీబోర్డ్‌పై ఎంటర్ కొట్టినా అంతే.

చిక్కంతా సైట్లతోనే. కొన్ని ఆటోమేషన్ టూల్స్ బ్రౌజర్ ద్వారానే క్లిక్ కొడతాయి, ముద్ర 'ట్రూ' అనే పడుతుంది. అందుకని కొన్ని సైట్లు మౌస్ కదిలిందా, వేలు ఏ పాయింట్‌లో పడింది అని కూడా చూస్తాయి. ఎంటర్‌తో వచ్చే క్లిక్‌లో మౌస్ కదలికే ఉండదు. దాంతో మనిషి కాస్తా రోబో లెక్కలోకి పోతాడు. టికెట్ బుకింగ్‌లోనో, బ్యాంక్ పేజీలోనో ఇలా జరిగితే ఓటీపీ టైమ్ అయిపోయేదాకా బటన్ పలకదు.

'స్క్రీన్ రీడర్ వాడుతున్నారా' అని సైట్ బ్రౌజర్‌ను అడిగి తెలుసుకోవచ్చుగా అంటే.. బ్రౌజర్లు చెప్పవు. వైకల్యం వ్యక్తిగత విషయం, అది ప్రతి సైట్‌కూ తెలియక్కర్లేదు. ఈ విషయంలో బ్రౌజర్లదే కరెక్ట్.

మనిషేనా అని తేల్చే పరీక్షలపై మన దేశంలోనూ కోర్టు మాట్లాడింది. ఈ-కేవైసీలో 'కళ్లార్పండి' అని అడిగితే యాసిడ్ దాడి బాధితులు, అంధులు ఏం చేయాలన్న కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పింది.

డెవలపర్లు చేయాల్సింది పెద్ద పనేం కాదు. బొమ్మను బటన్‌లా గీయకుండా అసలైన బటన్ ట్యాగే వాడాలి, టచ్ కోసం కాకుండా క్లిక్ కోసం కోడ్ రాయాలి. రిలీజ్‌కు ముందు మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్, ఎంటర్ కీలతోనే ఫారం మొత్తం నింపి చూస్తే ఎక్కడ ఆగిపోతుందో అక్కడే తెలిసిపోతుంది.