చేతిని కాపాడునది చేతి తొడుగు మాత్రమేనా?

తెలుగులో 'చేతివృత్తి' అందుము. ఉర్దూలో 'దస్తకారీ' అందురు. రెండు మాటలలోను మొదట నిలిచినది చేయియే. ఫారసీ నుండి ఉర్దూలోనికి వచ్చిన 'దస్త్' అను మాట నుండియే సంతకమునకు 'దస్తఖత్' అనియు, చేతి తొడుగునకు 'దస్తానా' అనియు పేర్లు కలిగినవి. ఆ దస్తఖతే మన తెలుగువారి నోట 'దస్కత్తు' అయినది. ఇట్లు మన రెండు భాషలును చేతికి గౌరవమిచ్చినవి. అయితే ఆ చేతితో పనిచేయు మనిషికి మనమెంతటి రక్షణ యిచ్చుచున్నామను ప్రశ్న మిగిలియే యున్నది.

విజయవాడ వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్టు పరిసరములందు ఒక గంట నడచిన చాలును. బస్తాలను కొక్కెములతో లాగు హమాలీలు, కాగితపు దొంతరలను కోయు ముద్రణాలయపు పనివారు, చెరకు గడను రోలర్ల నడుమకు నెట్టు రసము బండివారు కనబడుదురు. నగరమునకు తూర్పున ఆటోనగర్‌లో లేతులు, డ్రిల్లింగు యంత్రములు, గ్రైండర్లు. డెల్టా పల్లెలలో బియ్యపు మిల్లుల బెల్టులు, వరి నూర్పిడి యంత్రములు కలవు. వీటిపై పనిచేయువారందరికి జీవనాధారము పది వ్రేళ్లే. ఎవరికైన వ్రేలు పోయినప్పుడు నలుగురు అను మాట ఒక్కటే: "పాపము, అజాగ్రత్తగా ఉన్నాడు." ఈ మాట ఎంతవరకు సత్యమో విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మొదట చేతి నిర్మాణమును తెలిసికొందము. ఒక్కొక్క చేతిలో 27 ఎముకలు కలవు. వ్రేళ్లను బలముగా వంచు కండరములు వ్రేళ్లలో లేవు. అవి ముంజేతిలో ఉన్నవి. అక్కడినుండి త్రాళ్లవంటి స్నాయుబంధనములు మణికట్టు మీదుగా వ్రేళ్ల కొనలవరకు సాగి, కొయ్యబొమ్మను ఆడించు దారముల వలె వ్రేళ్లను కదలించును. కనుకనే అరచేతిలో చిన్న కోత పడినను, లోపలి త్రాడు తెగినచో వ్రేలు వంగదు. సకాలములో శస్త్రచికిత్స జరుగనిచో పైగాయము మానిపోవును గాని పనితనము తిరిగి రాదు.

యంత్రము ముందు ఈ చేయి ఎంత నిస్సహాయమో ఒక చిన్న లెక్క చెప్పును. నిమిషమునకు 600 సార్లు తిరుగు లేతు ఇరుసు సెకనుకు 10 చుట్లు తిరుగును. అపాయమును చూచి చేయి వెనుకకు తీయుటకు మనిషికి సుమారు సెకనులో అయిదవ వంతు కాలము పట్టును. ఆలోపల ఇరుసు రెండు చుట్లు తిరిగి, చిక్కుకొన్న చొక్కా చేతిని తనకు చుట్టుకొని యుండును. జాగ్రత్త మేల్కొనులోపలనే ప్రమాదము ముగిసిపోవును. పైగా దినమునకు ఎనిమిది గంటలు, వందల పర్యాయములు అదే కదలికను చేయు మనిషి ఒక్క క్షణమైనను ఏమరకుండుట సాధ్యము కాదు. కనుక మనిషి ఏమరినను చేయి తెగని విధముగ యంత్రమును అమర్చుటయే అసలైన రక్షణ.

ఇది కష్టసాధ్యమైన విషయము కాదు. కాగితమును కోయు యంత్రమునకు రెండు మీటలుంచి, రెండు చేతులతోను ఒకేసారి నొక్కిననే కత్తి దిగునట్లు చేసినచో, కత్తి క్రింద చేయి ఉండుటకు అవకాశమే లేదు. నూర్పిడి యంత్రములో పంటను అందించు దోనె కనీసము 90 సెంటీమీటర్ల పొడవుండి, అందులో 45 సెంటీమీటర్లు పైకప్పు కలిగి యుండవలెనని భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. లోపలి పండ్లను చేయి అందుకొనకుండుటయే దీని ఆంతర్యము. చెరకు రోలర్ల ముందు గడ మాత్రమే దూరగల గొట్టమును, మిల్లు బెల్టుకు ఇనుప జాలీని అమర్చుటకు పెద్ద ఖర్చు కాదు. చిక్కుకొన్న దానిని తీయుటకు, శుభ్రపరచుటకు పూనుకొనునప్పుడు మీటను ఆపుటతో సరిపెట్టక, మరొకరు పొరపాటున వేయకుండ విద్యుత్తును పూర్తిగా తొలగించి తాళము వేయవలెను.

ఇక చేతి తొడుగుల సంగతి. అవి అవసరమే గాని, చోటెరిగి ధరించవలెను. పదునైన రేకులను మోయునప్పుడు మందపాటి తోలు తొడుగు, వేడి ఇనుమును పట్టునప్పుడు వేడికి తాళు తొడుగు, తడి సిమెంటును కలుపునప్పుడు రబ్బరు తొడుగు మేలు చేయును. తడి సిమెంటులోని క్షారము చర్మమును కాల్చునని మేస్త్రీలందరు ఎరిగినదే. గుంటూరు మిరపకాయల తొడిమలు తీయు స్త్రీల చేతుల మంట నీటితో పోదు. ఆ ఘాటు నూనెలో కరగును గాని నీటిలో దాదాపుగా కరగదు. వారికిని తొడుగే శరణ్యము. కాని తిరుగు లేతు, డ్రిల్లు చెంత తొడుగు ధరించుట ప్రాణాపాయము. దాని అంచును ఇరుసు పట్టుకొన్నచో చేతినంతయు లోనికి లాగును. ఉంగరము, కడియము, వ్రేలాడు కండువా, చున్నీ కూడ అట్టివే.

ఈ సత్యమును చట్టములు చాలకాలము క్రిందటనే గుర్తించినవి. బ్రిటనులో 1844 నాటి చట్టము యంత్రములకు కంచె అమర్చవలెనని ఆదేశించినది. మన దేశములో 1948 నాటి కర్మాగారముల చట్టము 21వ విభాగములో కదలు భాగములకు భద్రమైన మరుగును, 22వ విభాగములో నడుచు యంత్రము చెంత పనిచేయు వానికి శిక్షణను, యజమాని ఇచ్చు బిగుతు దుస్తులను విధించినది. నూర్పిడి యంత్రముల వంటి వాటికై 1983లో ప్రమాదకర యంత్రముల నియంత్రణ చట్టము వచ్చినది. 1923 నాటి నష్టపరిహార చట్టము బొటనవ్రేలు పోయినచో సంపాదన శక్తిలో నూటికి 30, చూపుడువ్రేలు పోయినచో 14, ఒక చేతి నాలుగు వ్రేళ్లు పోయినచో 50 వంతుల నష్టమని లెక్క కట్టినది. లెక్కలో 30 వంతులే. కాని బొటనవ్రేలు లేని ఫిట్టరు స్పానరును ఎట్లు బిగించును?

2025 నవంబరు 21 నుండి 1948 చట్టము స్థానములో కొత్త కార్మిక స్మృతి అమలులోనికి వచ్చినది. విద్యుత్తు వాడుచోట 'కర్మాగారము' అనిపించుకొనుటకు పూర్వము 10 మంది పనివారు చాలును. ఇప్పుడు 20 మంది ఉండవలెను. ముగ్గురు నలుగురు పనివారు గల షెడ్డు ఆనాడును ఆ నిర్వచనములోనికి రాలేదు, ఈనాడును రాదు. అట్టి చోట యజమాని వివేకము, పనివాని తెలివిడియే కంచెగా నిలువవలెను.

ప్రమాదము జరిగినచో ఏమి చేయవలెను? శుభ్రమైన గుడ్డతో గాయమును అదిమిపట్టి చేతిని పైకెత్తి యుంచవలెను. పసుపు, కాఫీ పొడి, గ్రీజు పూయరాదు. గుచ్చుకొన్న వస్తువును పెరికివేయరాదు. వ్రేలు తెగిపోయినచో దానిని తడి చేసిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచు ముక్కలు గల నీటిలో ఉంచవలెను. మంచు నేరుగా తగులరాదు. 1965లో జపాను దేశపు నారాలో వైద్యులు పూర్తిగా తెగిన బొటనవ్రేలిని తిరిగి అతికించిరి. నేడును అట్టి చికిత్స కలదు; కాని తెగిన వ్రేలు చెడకుండ, ఆలస్యము లేకుండ వైద్యుని చేరవలెను. ధనుర్వాతపు సూది మందును మరువరాదు.

మనలో పలువురి తండ్రులు, అన్నలు, మామలు ఇట్టి షెడ్డులలో పనిచేయువారే. వారి చేతి కష్టమే మన ఫీజులు, మన పుస్తకములు. కావున మన కళాశాల కమిటీ వారికి ఒక విన్నపము: పైన చెప్పిన జాగ్రత్తలను తెలుగు, ఉర్దూ భాషలు రెండింటిలోను ఒక్క పుటలో ముద్రింపించిన, విద్యార్థులమే వన్ టౌన్ వీధులలోని షెడ్డు షెడ్డుకును తీసికొనిపోయి గోడలకు అంటింపగలము. విద్యార్థి మిత్రులకు ఒక మనవి: ఇకపై వ్రేలు పోయిన మనిషిని చూచినప్పుడు, "ఎందుకు అజాగ్రత్తగా ఉన్నావు?" అని అడుగవలదు. "ఆ యంత్రమునకు మూత ఉన్నదా?" అని అడుగుడు.