పిల్లిపిల్లను తెచ్చుకునే ముందు... ఏం కొనాలి? ఏం దాచాలి?

వేసవి సెలవులిచ్చారంటే పిల్లల మారాం మొదలవుతుంది. "అమ్మా, పై వాటా వాళ్ల పిల్లి మూడు పిల్లల్ని పెట్టింది. ఒకటి మనం తెచ్చుకుందామే!" అంటారు. వాళ్ల నాన్నగారు పేపర్లోంచి తలెత్తకుండానే "మీ అమ్మనడుగు" అనేస్తారు. అత్తగారేమో "పొద్దున్నే లేచి పిల్లి మొహం చూడాలా?" అని గొణుగుతారు. చివరికి అందరూ ఒప్పుకున్నాక దాని తిండీ తిప్పలూ చూడాల్సింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు కదా! అందుకే దానికి కావలసిన సామాన్ల చిట్టా కూడా మనమే రాసుకోవడం మేలు.

ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను తల్లి నుంచి వేరు చెయ్యకూడదు. కళ్లు తెరిచి బుడిబుడి నడకలు నడుస్తోంది కదా అని నెల పిల్లను తెచ్చేస్తే అది సరిగా తినదు, జబ్బులకు తట్టుకోదు. తినడం, ఇసుకలో దొడ్డికి వెళ్లడం, గట్టిగా కొరక్కుండా ఆడుకోవడం అది తల్లి దగ్గరా తోబుట్టువుల దగ్గరా నేర్చుకోవాల్సినవే. ఈలోగా ఇంట్లో ఏర్పాట్లు చేసుకోవడానికి మనకూ వ్యవధి దొరుకుతుంది.

పెంపుడు జంతువుల దుకాణానికి వెళ్తే మెత్తటి పరుపులు, గంటల పట్టీలు, రంగురంగుల బొమ్మలు కళ్లు తిప్పుకోనివ్వవు. నిజానికి అవేవీ లేకపోయినా పిల్లి దర్జాగా పెరుగుతుంది. మూత చింపేసిన అట్టపెట్టెలో పాత నూలుచీర మడత వేస్తే దానికి అదే పట్టుపరుపు. అక్కడ మిగిలిన డబ్బును మంచి తిండి మీద, కిటికీల జాలీల మీద, టీకాల మీద పెట్టండి.

పెరుగన్నంతో పిల్లి పెరగదు

పిల్లి అనగానే మనకు గుర్తొచ్చేది పాలు. సామెతలన్నీ అవే! కానీ తల్లిపాలు మానిన తర్వాత చాలా పిల్లులకు పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి తగ్గిపోతుంది. గిన్నెడు ఆవుపాలో గేదెపాలో పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి. చిన్న పిల్లకు విరేచనాలంటే మాటలు కాదు, ఒంట్లో నీరంతా పోయి ఒక్కరోజులో నీరసపడిపోతుంది. తాగడానికి మంచినీళ్లు చాలు.

ఇక అసలు సంగతి. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. దాని గుండెకూ కళ్లకూ టారిన్ అనే పదార్థం తప్పనిసరి. అది మాంసంలో, చేపల్లో దొరుకుతుంది కానీ పప్పన్నంలో, పెరుగన్నంలో దొరకదు. టారిన్ చాలకపోతే పిల్లి గుండె కండరం బలహీనపడుతుందని 1987లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చారు. ఆ తర్వాతే కంపెనీలు పిల్లుల తిండిలో దాని పాలు పెంచాయి. ఈ లోపం వల్ల చూపు కూడా పోవచ్చు.

"మా ఇంట్లో నీచు గడప దాటి రాదండీ, మేం తినేదే పెడతాం" అనేవారికి మొహమాటం లేకుండా చెప్పాలి. కనీసం పాకెట్లలో వచ్చే పిల్లుల ఆహారం పెట్టడానికైనా మనసొప్పితేనే పిల్లిని తెచ్చుకోండి. లేదంటే చిలకపచ్చ కుందేలు బొమ్మతో పిల్లల్ని సముదాయించడమే నయం. వండక్కర్లేదు, గిన్నె వేరుగా పెట్టుకుని కడుక్కుంటే సరిపోతుంది.

కొనేటప్పుడు పాకెట్ మీద పిల్లిపిల్లల కోసం అని రాసి ఉందో లేదో చూడండి. కుక్కల తిండి చవగ్గా వస్తోందని అది తేకండి, దాంతో పిల్లికి సరిపడా పోషణ అందదు. మొదటిసారి చిన్న పాకెట్టే కొనండి. పై వాటా వాళ్లు ఏం పెడుతున్నారో అడిగి, అదే తిండిలో కొత్తది కొంచెం కొంచెంగా కలుపుతూ వారం రోజుల్లో మార్చాలి. వానాకాలంలో పాకెట్ విప్పి వదిలేస్తే మెత్తబడి బూజు పడుతుంది, బిగుతు మూత డబ్బాలో పోసుకోండి. మాంసం వండే ఇళ్లలో ఉప్పూ కారం వెయ్యకుండా ఉడికించిన, ఎముకల్లేని కోడిమాంసం అప్పుడప్పుడూ ఇవ్వొచ్చు. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర మాత్రం ఇవ్వకూడదు. అవి పిల్లి రక్తకణాలను నాశనం చేస్తాయి. సాంబారన్నం పెట్టే అలవాటు మానాల్సింది అందుకే.

నాలుగు నెలలొచ్చే దాకా రోజుకు నాలుగుసార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. రెండు స్టీలు గిన్నెలు చాలు, ఒకటి తిండికి, రెండోది నీళ్లకు. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్నవి చూసుకోండి.

ఇసుక తొట్టి

అపార్టుమెంట్లలో ఉండేవారికి దీని తర్వాతే ఏదైనా. అడుగున్నర పొడవున్న ప్లాస్టిక్ టబ్బు ఒకటి తీసుకోండి. అంచు మూడంగుళాలకు మించితే పిల్ల ఎక్కలేదు. కడిగి, ఎండబెట్టి, జల్లించిన ఇసుక రెండంగుళాల మందాన పోస్తే సరి. దుకాణంలో దొరికే పొడి సౌకర్యమే. కాకపోతే తడి తగలగానే ఉండ కట్టే రకం మొదటి నాలుగు నెలలు వద్దు. పిల్లలు కొత్తలో దాన్ని నాకుతాయి, పొట్టలోనూ ఉండ కడుతుంది. ఎత్తిపొయ్యడానికి పాత చిల్లుల గరిటె ఒకటి వేరుగా ఉంచండి. వంటింట్లోకి మళ్లీ రాకుండా దాని కాడకు గుడ్డపీలిక కట్టండి!

తొట్టి తిండిగిన్నె పక్కన పెట్టకండి. పిల్లి కూడా మనలాగే, తినేచోట దొడ్డికి వెళ్లదు. ఇది మరవకుండా చెయ్యండి: పిల్లను తెచ్చేరోజు దాని పాత తొట్టిలోంచి గుప్పెడు ఇసుక తెచ్చి ఇందులో కలపండి. ఆ వాసన పట్టుకుని తన చోటేదో అదే తెలుసుకుంటుంది.

మలం రోజూ తీసెయ్యాలి. ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉంటే ఆ పని వాళ్లు చెయ్యకూడదు. పిల్లి మలం ద్వారా టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి సోకితే కడుపులో బిడ్డకు హాని జరగొచ్చు. అది సోకే దశకు రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది కాబట్టి ఏరోజుకారోజు తీసేస్తే ముప్పు చాలా తగ్గుతుంది. అంతేగానీ కోడలికి నెల తప్పిందని పిల్లిని వీధిలో వదిలెయ్యాల్సిన పనిలేదు.

తొట్టి కడగడానికి సబ్బు, వేడినీళ్లు వాడండి. నీళ్లలో పొయ్యగానే తెల్లబడే ఫినాయిలు, ఘాటు వాసన వచ్చే యాంటీసెప్టిక్ ద్రావకాలు పిల్లులకు విషం. తడినేల మీద నడిచి పాదాలు నాక్కుంటే చాలు, లోపలికి పోతుంది. పనమ్మాయికి కూడా ఈ విషయం ముందే చెప్పి ఉంచండి.

సోఫా దక్కాలంటే

గోళ్లు గీరడం పిల్లి స్వభావం, కొడితే మానదు. రెండున్నర మూడడుగుల కర్రకు కొబ్బరితాడు దగ్గరదగ్గరగా చుట్టి, కదలకుండా బరువైన పీటకు మేకులు కొట్టించండి. సోఫా పక్కనే నిలబెడితే సోఫా జోలికి పోవడం తగ్గుతుంది. ఆటకు కాగితపు ఉండ, పింగ్‌పాంగ్ బంతి చాలు.

కిటికీలకూ బాల్కనీకీ జాలీ లేకపోతే మాత్రం పిల్లిని తేవద్దు. ఎంత ఎత్తునుంచి పడినా పిల్లి కాళ్ల మీదే వాలుతుందన్నది సగం నిజం. దవడలు పగిలి, కాళ్లు విరిగి ఆస్పత్రికి వచ్చే పిల్లులెన్నో. పావురాల కోసం కట్టే నైలాను వలను కొరికెయ్యగలదు, సన్నకన్ను ఇనుప జాలీ మేలు.

దాచాల్సినవి

కొనే చిట్టా కన్నా ఇది పెద్దది. సూదిలో గుచ్చి వదిలేసిన దారం, పూలమాల దారం, గాలిపటాల దారం, జడరబ్బర్లు, ఊలు ఉండ. పిల్లి నాలుక మీద ముళ్లు లోపలివైపుకి వంగి ఉంటాయి, నోట్లో పడ్డ దారాన్ని ఉమ్మలేక మింగేస్తుంది. అది పేగుల్ని కోసేస్తుంది. ఆపరేషన్ దాకా పోతుంది వ్యవహారం.

బీరువాలోని కలరా ఉండలు, ఎలుకల మందు దానికి అందకూడదు. జ్వరమొచ్చిందని మన పారాసిటమాల్ వేస్తారు కొందరు. ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తియ్యగలదు. కుక్కలకు వాడే పిడుదుల మందుల్లో పెర్మెత్రిన్ ఉన్నవి కూడా పిల్లికి రాయకూడదు.

పూలబొకేలతో కూడా జాగ్రత్త. మన పూలకొట్లో లిల్లీ అనే నేలసంపెంగ వేరు. బొకేల్లో పెట్టే పెద్ద రేకుల లిల్లీల పుప్పొడి ఒంటికంటినది నాక్కున్నా పిల్లికి మూత్రపిండాలు పాడైపోతాయి.

పశువుల డాక్టరు

తెచ్చిన వారంలోపే చూపించాలి. నట్టల మందు బరువును బట్టి డాక్టరే వేస్తారు. ఎనిమిది వారాలకు మొదటి టీకా, నెల తర్వాత రెండోది, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా మామూలుగా వేస్తారు. ఈ డబ్బు ముందే పక్కన పెట్టుకోండి. పిల్లి రక్కినా కరిచినా ఆ చోటును ధార నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, అది పెంపుడు పిల్లి అయినా సరే.

ఆడపిల్లి అయిదో నెలకే కడుపుతో ఉండొచ్చు. రెండు నెలలకల్లా నలుగురైదుగురు పుట్టుకొస్తారు. వాటిని ఎవరికి పంచాలో వెతుక్కోవడం కన్నా అయిదు నెలల్లోపు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం తేలిక.

తీసుకొచ్చేందుకు తలుపున్న ప్లాస్టిక్ బుట్ట కొనండి, అది ఎన్నేళ్లయినా పనికొస్తుంది. గోనెసంచిలో, చేతుల్లో ఆటోలో తేవద్దు, హారన్ మోతకు బెదిరి దూకేస్తుంది. తల్లి పడుకున్న గుడ్డముక్క ఒకటి అడిగి ఆ బుట్టలో వెయ్యండి. మొదటి రెండు మూడు రోజులు ఒక్క గదిలోనే ఉంచి, ఆ గది తలుపు వేసుకోమని పిల్లలకు చెప్పండి. మంచం కిందికి దూరితే బయటికి లాగకండి, ఆకలేస్తే అదే వస్తుంది. పూర్తిగా ఒకరోజు ఏమీ ముట్టకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి.