కుట్లు మానే వేళ కుట్టుపని

శస్త్రచికిత్స జరిగిన తరువాత వైద్యులు చెప్పే మాటలలో ఆచరించడానికి మిక్కిలి కష్టమైనది "విశ్రాంతి తీసుకోండి" అన్న మాట. మందులు వేళకు మింగవచ్చు, పత్యం చేయవచ్చు. కాని తెల్లవారి లేచింది మొదలు చేతికి పని లేకుండా ఉండి ఎరుగని స్త్రీకి ఆరు వారాలు ఊరక కూర్చోవడం శిక్షవలె తోస్తుంది. రెండు మూడు వారాలు గడిచేసరికి నొప్పి తగ్గుముఖం పడుతుంది. నొప్పి తగ్గగానే చీపురు చేతికి వస్తుంది, మరునాడు నీళ్ల బిందె చంకకెక్కుతుంది. పైన చర్మం మానినంత త్వరగా పొట్టలోని పొరలు మానవన్న సంగతి అప్పుడు ఎవరికీ జ్ఞాపకముండదు.

మహబూబాబాద్ జిల్లాలోని గంగారం వంటి చోట ఈ విషయం మరింత ముఖ్యమైనది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు వరంగల్ జిల్లాలో ఉండిన ఈ అటవీ ప్రాంతంలో కోయగూడేలు, లంబాడీ తండాలు ఎక్కువ. పెద్ద శస్త్రచికిత్స కావాలంటే పట్టణానికి పోవలసినదే. ఇల్లు చేరిన పిమ్మట కుట్టు విచ్చుకుంటే మళ్లీ ఆ దూరమంతా ప్రయాణం. పైగా తెలుగునాట స్త్రీలలో గర్భసంచి తొలగించే ఆపరేషన్లు ఎక్కువ. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో ఈ శస్త్రచికిత్స జరిగినవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 కాగా తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. వీటిలో ఎన్ని నిజంగా అవసరమైనవన్నది వేరొక వ్యాసానికి తగిన ప్రశ్న. జరిగిపోయిన తరువాత ఆ ఆరు వారాలు గడవడం ఎట్లా అన్నదే ఇక్కడి విషయం.

మేము సూచించేది సూది, దారం. సూది పట్టినంత మాత్రాన గాయం త్వరగా మానదు, అట్లని ఎవరైనా చెబితే నమ్మవద్దు. దాని మేలు మరొక విధమైనది. ఊరక కూర్చున్న కోడలిని చూచి ఇంటిల్లిపాది ఏదో ఒక పని పురమాయిస్తారు. కుట్టుకుంటున్న కోడలిని ఎవరూ లేపరు. ఆమెకు కూడా తాను తిని కూర్చుంటున్నానన్న చింత కలుగదు. విశ్రాంతికి ఇంతకన్న మంచి మిష మరొకటి కనబడదు.

ఇందుకు కొత్తగా నేర్వవలసినదీ తక్కువే. తండాలలోని పెద్ద వయసు స్త్రీలకు కాంచళి మీద, ఫేటియ మీద అద్దాలు, గవ్వలు, పూసలు కూర్చి రంగుదారాలతో కుట్టే విద్య తల్లుల నుండి వచ్చినది. కర్ణాటకలోని సండూరు లంబాడీల ఈ కుట్టుపనికే 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇక బొంత ఏ ఒక్క కులానిదీ కాదు. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరచి, దబ్బనంతోనో పొడవైన సూదితోనో దగ్గర దగ్గరగా పరుగుకుట్టు వేసుకుంటూ పోవడమే. చిరిగిన చీరలు మూటగట్టి దాచని ఇల్లు పల్లెలో ఉండదు. పెళ్లినాటి చీర ముక్క ఒక మూల, పిల్లవాడి తొలి చొక్కా ముక్క ఒక మూల పడిన బొంత కప్పుకుంటే కలిగే వెచ్చదనం అంగడి దుప్పటిలో ఉండదని ఈ వ్యాసకర్త నమ్మకం.

శస్త్రవైద్యానికీ కుట్టుపనికీ చుట్టరికం ప్రాచీనమైనది. సుశ్రుతుడు చెప్పిన అష్టవిధ శస్త్రకర్మలలో సీవ్యం, అనగా కుట్టు వేయడం, ఒకటి. కండ తక్కువగా ఉన్న చోటికి గుండ్రని సూది, కండగల చోటికి మూడంచుల పొడవైన సూది, పొట్ట మొదలైన చోట్లకు విల్లువలె వంగిన సూది వాడమన్నాడు. నూలుతో పాటు జనుము, తిప్పతీగ నార, వెంట్రుక కూడా దారాలుగా పేర్కొన్నాడు. కుట్లలో ఒకదాని పేరు తున్నసేవని. తున్నవాయుడనగా చినిగిన బట్టకు రఫూ చేసేవాడు. దేహాన్ని కుట్టే వైద్యుడు బట్ట కుట్టేవాని చేతిపనిని తన విద్యలో చేర్చుకున్నాడన్నమాట!

ఆ మహర్షియే వ్రణితోపాసనీయమనే అధ్యాయంలో గాయపడినవాని సంరక్షణను వివరించాడు. పగటినిద్ర కూడదు, శరీరశ్రమ కూడదు, కోపశోకాలు కూడవు. ప్రియంగా మాట్లాడే మిత్రులు చుట్టూ చేరి కథలు చెబుతూ బాధ మరపించాలి. మధ్యాహ్నపు వేళ వాకిట్లో ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు స్త్రీలు చేరి ఒకే బొంతకు తలొక అంచు పట్టుకుని కూర్చుంటే ఈ నియమాలు చాలావరకు వాటంతట అవే నెరవేరుతాయి.

పశ్చిమదేశాలలోనూ ఈ అనుభవం ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికులకు ఇంగ్లండులో ఎంబ్రాయిడరీ నేర్పారు. 1918లో ఎర్నెస్ట్ థెసిజర్ అనే నటుడు పూనుకొని వికలాంగ సైనికుల ఎంబ్రాయిడరీ సంస్థ నెలకొల్పడానికి తోడ్పడ్డాడు. మరుసటి సంవత్సరం లండన్ సెయింట్ పాల్స్ చర్చిలో జరిగిన కృతజ్ఞతా ప్రార్థనలకు వేదిక ముందు తెరను కుట్టినది అటువంటి సైనికులే. తుపాకి పట్టిన చేతులకు సూది నామోషీ కాలేదు. కనుక హెర్నియా ఆపరేషన్ చేయించుకొని ఇంట కూర్చున్న పురుషులు కూడా సంకోచించనక్కరలేదు. అమెరికాలో విలియం రష్ డంటన్ అనే మానసిక వైద్యుడు తన రోగులకు బొంతల పని చెప్పడమే కాక, 1946లో పాత బొంతల మీద ఒక గ్రంథమే వెలువరించాడు.

ఇక జాగ్రత్తలు. ఇవి పాటించకపోతే మేలుకు బదులు కీడు కలుగుతుంది. పొట్ట ఆపరేషన్ అయినవారు పెద్ద బొంతను నేల మీద పరచి, దాని మీదికి వంగి కుట్టడం మొదటి ఆరు వారాలలో పనికిరాదు. ఆ వంగుడు కుట్ల మీద పడుతుంది. అందుచేత బొంతను మూరెడు చౌకాలుగా విభజించుకొని ఒక్కొక్క ముక్కనే ఒడిలో పెట్టుకొని కుట్టాలి. వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలోనో, గోడకు చేర్చిన మంచం మీదనో కూర్చొని, ఒడిలో దిండు ఉంచుకుంటే పని కంటికి ఎత్తుగా వస్తుంది, మెడ వంచనక్కరలేదు. మొదటి పది దినాలు చౌకాలు కూడా వద్దు. రుమాలు మీద గొలుసుకుట్టు, కాడకుట్టు చాలు. నొప్పి మాత్రల మగత ఉన్నప్పుడు సూది ముట్టరాదు.

పనిలో మునిగి గంటల తరబడి కదలకపోవడం మరొక ప్రమాదం. ఆపరేషన్ తరువాత కదలిక తగ్గితే కాళ్ల సిరలలో రక్తం గడ్డకట్టే అవకాశముంది. ఒక దారం పోగు అయిపోగానే లేచి వాకిలి చివరి దాకా నాలుగు మారులు నడవాలన్న నియమం పెట్టుకోండి. పోగును మూరన్నరకు మించకుండా తెంపుకుంటే ఇది దానంతట అదే సాగుతుంది. పిక్కలో వాపు, నొప్పి, ఊపిరాడకపోవడం, జ్వరం, గాయం నుండి చీము లేక రక్తం కనబడితే ఇంటివైద్యం ఆలోచించక వెంటనే ఆసుపత్రికి పోవాలి. కుట్ల మీద పసుపు, ఆకుపసర్లు పెట్టవద్దు.

రొమ్ము ఆపరేషన్‌లో చంక గ్రంథులు కూడా తీసివేసినట్లయితే ఆ వైపు చేతికి సూదిపోటు తగలరాదు. చిన్న పోటు వల్ల కూడా చేయి వాచి, చీము పట్టవచ్చు. వారూ, మధుమేహం వల్ల వేళ్లకు స్పర్శ తగ్గినవారూ వ్రేలితొడుగు లేకుండా కుట్టకూడదు. కంటి శుక్లాల ఆపరేషన్ అయినవారు కళ్లజోడు ఇచ్చి వైద్యులు సరేననేవరకు దారం ఎక్కించే ప్రయత్నమే చేయవద్దు. పాత బట్టలలో దుమ్ము ఉంటుంది. వాటిని వేరొకరు వేడినీటిలో ఉతికి ఎండలో ఆరవేసిన తరువాతనే చేపట్టాలి.

పత్యం గురించి ఒక్క మాట. పప్పు తింటే కుట్లకు చీము పడుతుందని మన పల్లెలలో మానిపించే అలవాటు ఉన్నది. గాయం పూడడానికి మాంసకృత్తులు అవసరం. సుశ్రుతుడు వ్రణరోగికి చెప్పిన ఆహారంలో పాతబియ్యపు అన్నంతో పాటు పెసరకట్టు, దానిమ్మ, ఉసిరిక ఉన్నాయి. వైద్యులు వేరుగా చెబితే తప్ప పెసరపప్పు నిరభ్యంతరంగా తినవచ్చు.

ఆరు వారాలు గడచి, వైద్యులు పరీక్షించి అనుమతించిన పిమ్మట చౌకాలన్నీ జతచేసి, అంచు మడిచి కుట్టి, బొంత పూర్తి చేయవచ్చు. పదిహేను లీటర్ల బిందె నిండితే పదిహేను కిలోలకు పైనే. తడిసిన బొంత దానికి తీసిపోదు. కాబట్టి తొలి ఉతుకు మాత్రం ఇంటిలో మరొకరిది.