బావి నీటి తొట్టిలో మడ్డి చేరకుండా, నీరు మురగకుండా ఉండాలంటే...



ఇంటి దగ్గర బావి గానీ బోరు గానీ ఉంటే పక్కనే ఒక తొట్టి ఉంటుంది. మోటారు వేసి దాన్ని నింపుకుంటాం. ఇంటి వాడకం, పశువులకు తాగడానికి, పెరటి మొక్కలకు, జీవామృతం కలుపుకోవడానికి అన్నిటికీ ఆ నీరే. తొట్టి కట్టించేటప్పుడు ఎన్ని లీటర్లు పడతాయి, ఎంత ఖర్చవుతుంది అని చూస్తాం గానీ, అడుగున చేరే మడ్డి ఎటు పోతుంది అనేది చూసుకోము. ఆరు నెలలకే అడుగున జానెడు బురద, గోడలకు పాచి, నీటికి వాసన మొదలవుతుంది. తర్వాత ఎన్నిసార్లు కడిగినా మళ్ళీ అదే పరిస్థితి.

మడ్డి ఎక్కడి నుంచి వస్తుంది?

బావి అడుగున ఒండ్రు ఉంటుంది. ఫుట్‌వాల్వు దానికి దగ్గరగా ఉంటే మోటారు వేసినప్పుడల్లా అది కూడా పైకి వస్తుంది. కాబట్టి ఫుట్‌వాల్వును బావి అడుగుకు కనీసం 2, 3 అడుగుల పైన ఉంచుకోవాలి. బోరు నీటిలో సన్న ఇసుక వస్తుంది. కొన్ని చోట్ల నీటిలో ఇనుము ఎక్కువగా ఉంటుంది. పైకి వచ్చినప్పుడు నీరు తేటగానే కనిపిస్తుంది, గాలి తగిలాక ఆ ఇనుము తుప్పు రంగు మడ్డిగా మారి అడుక్కు దిగుతుంది. ఇవి కాక ఆకులు, దుమ్ము పడతాయి. మూత లేకపోతే ఎండ తగిలి పాచి పెరుగుతుంది, అది చచ్చి మళ్ళీ మడ్డి అవుతుంది. అంటే మడ్డి రాకుండా పూర్తిగా ఆపడం కుదరదు. వచ్చినదాన్ని వచ్చినట్టు బయటకు పంపే దారి పెట్టుకోవాలి.

అడుగు నీరు ముందు పోవాలి

మామూలుగా తొట్టి నిండితే నీరు పోవడానికి గోడ పైభాగంలో ఒక పైపు పెడతారు. దానివల్ల ఏమవుతుందంటే, పైన తేరుకున్న మంచి నీరు బయటకు పోతుంది, అడుగున ఉన్న పాత నీరు, మడ్డి అలాగే ఉండిపోతాయి. దీన్ని తిరగెయ్యాలి. నేల మీద కట్టిన తొట్టికి ఇది చాలా సులువు.

1. తొట్టి అడుగును ఒక మూలకు వాలుగా చేసుకోవాలి. 5 అడుగుల పొడవుకు 2 అంగుళాల వాలు ఉంటే సరిపోతుంది.

2. ఆ పల్లపు మూలలో 2 అంగుళాల పైపు రంధ్రం పెట్టి, గోడ బయటకు తీయాలి.

3. లోపల ఆ రంధ్రంలో ఒక నిలువు పైపును గమ్ము పెట్టకుండా బిగుతుగా దించాలి. దాని పైకొన ఎంత ఎత్తులో ఉంటే నీరు అంతవరకే నిండుతుంది.

4. దాని చుట్టూ 4 అంగుళాల తొడుగు పైపు నిలబెట్టాలి. దాని కింది కొనకు రంపంతో నాలుగైదు గాట్లు కోయాలి. పైకొన లోపలి పైపు కంటే అర అడుగు ఎత్తుండాలి.

ఇది ఎలా పనిచేస్తుందంటే, తొట్టి నిండాక పైనున్న నీరు తొడుగును దాటలేదు. తొడుగు కింద గాట్లలోంచి అడుగు నీరు లోపలికి వచ్చి, రెండు పైపుల మధ్య సందులో పైకి లేచి, లోపలి పైపులో పడి బయటకు పోతుంది. దానితోపాటు సన్నని మడ్డి కూడా పోతుంది. తొడుగు పైకొనను మాత్రం మూయకూడదు. మూస్తే గాలి ఆడక, ఒకసారి నీరు పడడం మొదలైతే అలాగే లాగేసి తొట్టి మొత్తం ఖాళీ అయ్యే అవకాశం ఉంది.

ఇసుక లాంటి బరువైనవి ఇలా పైకి లేవవు. వాటి కోసం నెలకోసారి నీరు తక్కువగా ఉన్నప్పుడు తొడుగు తీసి, లోపలి పైపును పైకి లాగేస్తే చాలు. వాలు వెంట ఉన్నదంతా ఒక్కసారిగా కొట్టుకుపోతుంది. చీపురుతో నెట్టి, కాసిని నీళ్ళు కొట్టి మళ్ళీ పైపు దించేయడమే.

నీరు వృథా కాదా అని అడుగుతారు. రోజూ పొర్లించనక్కర్లేదు. వారానికోసారి తొట్టి నిండాక మరో 5, 10 నిమిషాలు మోటారు ఉంచితే చాలు. ఆ నీటిని కాలువ తీసి అరటికి, కరివేపాకుకు, కొబ్బరికి పెట్టుకోవచ్చు. పాదుల్లో ఆచ్ఛాదన ఉంటే నీరు నిలవకుండా ఇంకిపోతుంది.

నీరు ఒకచోట ఆగిపోకుండా

నీరు వచ్చే పైపు, వాడుకునే పైపు పక్కపక్కనే ఉంటే కొత్త నీరు అటునుంచి అటే పోతుంది, అవతలి మూలలో నీరు కదలదు. కాబట్టి ఒకటి ఈ గోడకు, రెండోది ఎదుటి గోడకు ఉండాలి. నీరు పైనుంచి ధారగా అడుగు మీద పడితే మడ్డి లేస్తుంది. పైపు చివర ఎల్బో వేసి గోడకు తగిలేలా పెట్టుకోవాలి. వాడుకునే పైపు అడుగుకు 4 అంగుళాల పైన ఉండాలి. డ్రిప్పు ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం, లేకపోతే ఫిల్టరు ఊరికే పూడిపోతుంది.

తొట్టి సైజు కూడా చూసుకోవాలి. రోజుకు 500 లీటర్లు వాడే ఇంట్లో 5,000 లీటర్ల తొట్టి నింపితే ఆ నీరు 10 రోజులు నిలవుంటుంది. డెంగీని మోసే దోమ ఇలాంటి మంచి నీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి మన వాతావరణంలో వారం, పది రోజులు చాలు. పైగా దాని గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన గోడకు అంటుకుని, తడి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. అందుకే నీళ్ళు వంపేస్తే సరిపోదు, గోడలను కూడా గట్టిగా రుద్దాలి. మూత సందు లేకుండా ఉండాలి, బయటకు పోయే పైపు చివర సన్నని దోమతెర కట్టాలి.

ఇప్పటికే కట్టిన తొట్టి అయితే

పగలగొట్టనక్కర్లేదు. ఒక గొట్టాన్ని నీళ్ళతో నింపి, ఒక కొన తొట్టి అడుగున, రెండో కొన బయట తొట్టి అడుగు కంటే పల్లంలో పెడితే నీరు దానంతటదే లాగుతుంది. లోపలి కొనను కర్రకు కట్టి చీపురులా నెమ్మదిగా జరిపితే మడ్డి వచ్చేస్తుంది. పైనున్న నీరు చాలావరకు మిగులుతుంది.

భూమిలోపలి సంపుకు ఇలా కుదరదు. మూత కింద మూలన అడుగు లోతు గుంత చేసుకుంటే మడ్డి అక్కడికి చేరుతుంది, బురద లాగే చిన్న మోటారుతో తోడుకోవచ్చు. సంపులోకి దిగాల్సి వస్తే మాత్రం జాగ్రత్త. మూసి ఉన్న సంపులో గాలి చెడి ఊపిరాడక ప్రాణాలు పోతాయి. ముందుగా కరెంటు మెయిన్ ఆపేయాలి, మూతలన్నీ తీసి బాగా గాలి ఆడనివ్వాలి, నడుముకు తాడు కట్టుకోవాలి, పైన ఇద్దరు ఉండాలి. లోపలి మనిషి పడిపోతే కంగారులో ఇంకొకరు దిగకూడదు. అలా దిగే ఒకరి వెనుక ఒకరు పోతున్నారు. తాడుతోనే పైకి లాగాలి.

బ్లీచింగు, జీవామృతం

కడిగాక బ్లీచింగు వేయాలనుకుంటే 1,000 లీటర్లకు మంచి పౌడరు సుమారు 2.5 గ్రాములు చాలు. బకెట్లో కలిపి, సున్నం అడుక్కు దిగాక పైతేటనే పోయాలి, లేకపోతే అదే కొత్త మడ్డి అవుతుంది. తర్వాత గంటసేపు వాడకూడదు. ఈ నీటితో వెంటనే జీవామృతం కలపకండి. మనం పెంచాలనుకునే సూక్ష్మజీవులనే అది చంపుతుంది. 200 లీటర్ల డ్రమ్ముకు కావలసిన నీటిని బ్లీచింగు వేయని రోజు పట్టుకోండి, లేదా నేరుగా బావి నుంచి తీసుకోండి.

తొడుగు పైపుకు గాట్లు కోయడం, నిలువు పైపు దించడం వీడియోలో చూడవచ్చు. తాపీమేస్త్రీకి కూడా చూపించండి. కొత్తగా తొట్టి కట్టించేవారు అడుగు ప్లాస్టరింగు చేయకముందే వాలు, రంధ్రం సంగతి చెప్పుకోవాలి.